డెబ్బై దాటిన గొంతుల ముందు: నా అనుభవం

నేను కచేరీలకు వెళ్ళడం మొదలుపెట్టేనాటికే, నాకు ఇష్టమైన కర్ణాటక సంగీత విద్వాంసుల్లో చాలామంది డెబ్బై దాటిపోయారు. వారి పాట నాకు పరిచయమైంది ఆకాశవాణి ప్రసారాల వల్ల, చేతులు మారీ మారీ పాటకంటే బుసబుస ఎక్కువైపోయిన కాసెట్ల వల్ల. వాటిలో చాలావరకు వారు నలభై, యాభై ఏళ్ళ వయసులో ఉన్నప్పుడు పాడినవి. కాబట్టి నా తరం శ్రోతకు గాయకుడి నడివయసు గొంతు ముందే చెవిలో స్థిరపడిపోయి ఉంటుంది. వేదిక మీద కూర్చున్న మనిషి మాత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తే ఎక్కినవారు. ఈ రెండింటి మధ్య ఎలా వినాలో నేను సభల్లో కూర్చునే నేర్చుకున్నాను. పక్క కుర్చీలో కూర్చున్న పాత రసికుల మాటలు కొంత ఉపయోగపడ్డాయి కానీ, అంతకంటే ఎక్కువ నేర్పింది వేదిక మీద పక్కవాద్యాలవారిని గమనించడం.

ముందు శరీరం సంగతి తెలుసుకోవడం మంచిది. వయసు మీద పడేకొద్దీ స్వరతంతువుల కండరం పలచబడుతుంది, వాటిని కప్పి ఉండే తడి పొర ఎండుతుంది, స్వరపేటికలోని మృదులాస్థి గట్టిపడుతుంది, ఊపిరితిత్తులకు సాగే గుణం తగ్గుతుంది. తంతువులు రెండూ పూర్తిగా కలుసుకోలేనప్పుడు మధ్యలోంచి గాలి జారిపోయి గొంతులో బొంగురు, సన్నని వణుకు చోటు చేసుకుంటాయి. ఒక్క ఊపిరిలో ముగిసే సంగతికి (పాటలోని పంక్తిని మార్చి పాడే తీరుకు) రెండు ఊపిరులు కావలసివస్తాయి. తారస్థాయిలో, అంటే పై స్వరాల్లో, నిలకడ పోతుంది. జారుడుగా దొర్లవలసిన బిరకాలలో, అంటే వేగపు స్వరాల గుత్తుల్లో, స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. మామూలుగా మాట్లాడుతున్నప్పుడు ఏ లోపమూ కనిపించనివారికి కూడా పాట దగ్గర ఇవన్నీ బయటపడతాయి. కర్ణాటక సంగీతంలో తంబూరా ఎడతెగకుండా మోగుతూ ఉంటుంది గనుక, దాని ముందు స్వరం వెంట్రుకవాసి తగ్గినా దాచుకునే చోటుండదు.

అయితే ఇదే సంగీతం పెద్దవయసు గాయకుడికి ఒక గొప్ప వెసులుబాటు ఇచ్చింది. మన షడ్జానికి, అంటే ‘స’ స్వరానికి, స్థిరమైన ఎత్తంటూ లేదు. ఎవరి గొంతుకు అనువైన చోట వారు పెట్టుకోవచ్చు. హార్మోనియం మెట్ల లెక్కన పురుషులు సాధారణంగా ఒకటికీ రెండుకూ మధ్య శ్రుతిలో, స్త్రీలు నాలుగున్నరకూ ఆరుకూ మధ్య శ్రుతిలో పాడతారు. వయసుతో పాటు ఒక అర మెట్టు, అవసరమైతే ఇంకో అర మెట్టు దిగినా, కృతి స్వరూపంలో ఏమీ మారదు, వ్యాకరణపరంగా ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఈ దిగడానికీ ఒక హద్దుంది. శ్రుతి తగ్గించినకొద్దీ పైన తారస్థాయి అందుతుంది గానీ, కింద మంద్ర పంచమం దగ్గర గొంతు ఆనదు. పైనా కిందా రెండు వైపులా నేల తగ్గిపోతున్నప్పుడు ఎక్కడ నిలబడాలన్నది గాయకుడు తనంత తానే తేల్చుకోవలసిన లెక్క. కొందరు ఆ లెక్కను ఏళ్ళ తరబడి వాయిదా వేసి, పాత శ్రుతిని పంతంగా పట్టుకుని గొంతును చీల్చుకుంటారు. శ్రుతి తగ్గించారని తెలిసిన రోజున నేను నిశ్చింతగా కూర్చుంటాను. ఆ మనిషికి తన గొంతు గురించి భ్రమలు లేవని అర్థం.

ఆ సంగతి తెలియాలంటే కచేరీ ముందరి పావుగంట చూడాలి. అందుకని తెర లేవకముందే, వీలైతే మృదంగం వైపు ముందు వరుసల్లో, కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. మృదంగం ఏ శ్రుతికి పడితే ఆ శ్రుతికి పలకదు; ఒక్కో వాద్యానికీ అది బాగా పలికే పరిధి చిన్నది. విద్వాంసులు రెండు మూడు మృదంగాలు వెంట తెచ్చుకోవడానికి కారణం అదే. కుడి మూత అంచున ఉండే అల్లిక మీద రాయితో కొడుతూ, చుట్టూ తిప్పుకుంటూ, వేలితో మీటి చూసుకుంటూ, ఒకసారి ఒక మృదంగ విద్వాంసుడు తల అడ్డంగా ఊపి, ఆ వాద్యాన్ని పక్కన పెట్టి సంచిలోంచి ఇంకోటి తీయడం చూశాను. వయొలిన్ ఆయన కూడా తంతులు సడలిస్తున్నాడు. సడలించిన తంతి వెంటనే కుదురుకోదు, కాసేపు జారుతూనే ఉంటుంది. అందువల్ల మొదటి రెండు కృతుల దాకా ఆయన బిరడాల మీద చెయ్యి తీయలేదు. కిందటి కచేరీకీ ఈ కచేరీకీ మధ్య గాయకుడు అర మెట్టు దిగారని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

ఆ సాయంత్రమే ఎనభై దాటిన ఆ గాయకుడు కాంభోజి ఆలాపన చేశారు. కాంభోజి పైకి లాగే రాగం. పంచమం దాటాక తారషడ్జం మీద నిలబడి విస్తరించడం సంప్రదాయం, శ్రోతలు ఎదురుచూసేదీ దానికే. ఆయన మధ్యస్థాయిలో రాగాన్ని నింపి, ధైవతం మీద చాలాసేపు నిలిచి, రెండు మూడుసార్లు పై షడ్జం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు నడివయసువాడు. ఆయన కమానుకు అక్కడ ఏ ఇబ్బందీ లేదు. గాయకుడు వదిలేసిన చోటును అందుకుని పైకి దూసుకుపోతే హాలంతా చప్పట్లు మారుమోగేవి. ఆయన అలా చేయలేదు. గాయకుడి ప్రతి ప్రయోగానికీ అనుసరణగా తానూ ధైవతం దగ్గరే ఆగాడు. ఆ తర్వాత గాయకుడు కళ్ళు మూసుకుని ఒక్కసారి తారషడ్జాన్ని పట్టుకున్నప్పుడు, దాన్ని కమానుతో కింద నుంచి ఎంత సన్నగా నింపాడంటే, గొంతు ఎక్కడ ఆగిందో, తంతి ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టమైంది. తన వంతు ఆలాపన వచ్చాక మాత్రం తారస్థాయి అంతా స్వేచ్ఛగా తిరిగి వచ్చాడు. పక్కవాద్యం అనే మాటకు ఎంత మర్యాద ఉందో నాకు ఆ ఇరవై నిమిషాల్లో తెలిసింది. పెద్దల కచేరీకి వెళ్ళే ముందు పక్కవాద్యాలెవరో కనుక్కోవడం నాకు ఆనాటి నుంచే అలవాటు.

మరో అలవాటు, మొదటి అరగంటను లెక్కలోకి తీసుకోకపోవడం. పెద్దవయసు గొంతు తెరుచుకోవడానికి సమయం పడుతుంది. ఈనాడు మనం చూసే కచేరీ పద్ధతిని స్థిరపరచిన ఘనత అరియకుడి రామానుజ అయ్యంగారికి (1890–1967) దక్కుతుంది. వర్ణంతో మొదలుపెట్టి, చిన్న కృతులతో ఊపందుకుని, ఆ తర్వాతే విస్తారమైన రాగాలకు వెళ్ళే ఆ వరుసలో గొంతుకు మేలు చేసే తెలివి కూడా ఉంది. అదే వరుసలో విశ్రాంతికీ చోట్లున్నాయి. వయొలిన్ వంతు ఆలాపన ఒక విరామం, లయవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం అంతకంటే పెద్ద విరామం. తని మొదలవగానే కాఫీకి లేచిపోయేవారు గమనించరు గానీ, గాయకుడు తాళం వేస్తూనే ఊపిరి కూడదీసుకుంటున్న సమయం అది. తెలిసిన మృదంగ విద్వాంసుడు, పాడేది పెద్దాయన అయినప్పుడు, ఆ వ్యవధిని అడగకుండానే కాస్త పొడిగిస్తాడు. తని తర్వాత వచ్చే చిన్న పాటల్లో గొంతు ఒక్కసారిగా తేటపడటం నేను చాలా కచేరీల్లో విన్నాను.

ఇక ఏం పాడాలన్న ఎంపిక. వయసులో ఉన్నప్పుడు తోడి, కాంభోజి, శంకరాభరణం, కల్యాణి ఏది కావాలంటే అది తీసుకోవచ్చు. డెబ్బై దాటాక సహన, బేగడ, ఆనందభైరవి, ముఖారి వంటివి ఎక్కువగా వినిపిస్తాయి. వీటి ప్రాణం ఎక్కువగా గమకంలోనూ (స్వరాన్ని ఊపి పలికే తీరులోనూ), కొన్ని ప్రత్యేక ప్రయోగాల్లోనూ ఉంటుంది. వేగమూ ఎత్తూ లేకపోయినా రాగం నిండుగా నిలబడుతుంది. క్షేత్రయ్య పదాలు కూడా అంతే. ఆ చౌకకాలంలో, ఆ నిదానపు నడకలో, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి వెళ్ళే దారిలో ఉన్న పనితనమంతా బయటికి కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళ గాయకులు దాన్ని పాడగలరు, కానీ అక్కడ ఆగే ఓపిక చాలామందికి ఉండదు. ఒకే సాహిత్య పంక్తిని తాళంలోనే రకరకాలుగా విస్తరించి పాడే నెరవు విషయంలోనూ ఇదే చూశాను. త్యాగరాజస్వామి ‘ఓ రంగశాయి’లో ‘భూలోక వైకుంఠం’ దగ్గర నెరవు పాడటం ఆనవాయితీ. పడుచు గాయకులు రెట్టింపు వేగపు రెండో కాలం ఎప్పుడు మొదలుపెడదామా అన్నట్టు పాడతారు. బాగా పాడే పెద్దవారు మాటను విరవకుండా, అర్థం చెడకుండా, అదే ఆవర్తంలో దాన్ని ఇటునుంచి ఒకసారి, అటునుంచి ఒకసారి చూపిస్తారు. తెలుగువాళ్ళం కాబట్టి మనకు ఇందులో దక్కేది ఎక్కువ. సాహిత్యం తెలియని చోట మాటలు ఎక్కడపడితే అక్కడ తెగడం వినీ వినీ విసిగిన చెవికి, పాఠం శుద్ధంగా ఉన్న ముసలి గొంతు ఎంత బొంగురుపోయినా ఇంపుగానే ఉంటుంది.

గొంతు మొదటి నుంచీ సహకరించనివారికి వార్ధక్యంలో ఒక విచిత్రమైన లాభం ఉంటుందని కూడా నాకు అనిపిస్తుంది. శెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ (1908–2003) శారీరం, అంటే పాడే గొంతు, సహజంగా సులువుగా పలికేది కాదన్నది అందరికీ తెలిసినదే. దాన్ని సాధనతో లొంగదీసుకున్నవారు గనుక, ఎనభైల్లో పాడిన ధ్వనిముద్రణల్లోనూ వినేవారికి పెద్ద నష్టం కనిపించదు; ఆయన సంగీతం గొంతు తీపి మీద ఎన్నడూ ఆధారపడలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారిది (1930–2016) దీనికి పూర్తిగా ఎదురు. మూడు స్థాయిల్లో అనాయాసంగా తిరిగిన గొంతు అది. అటువంటి గొంతులో చిన్న మార్పు వచ్చినా అభిమానికి పెద్దగా వినిపిస్తుంది, పోలిక ఎప్పుడూ ఆ గాయకుడి యౌవనంతోనే కాబట్టి. బెంగళూరు విద్వాంసులు ఆర్.కె. శ్రీకంఠన్ (1920–2014) తొంభై దాటాక కూడా కచేరీలు చేశారు. ఆ వయసులో స్వరశుద్ధి నిలబెట్టుకోవడానికి దైవదత్తమైన గొంతు ఒక్కటే చాలదు, రోజూ చేసే సాధన ఉండాలి.

వాద్యకారుల సంగతి వేరు, వారిలో వారికీ ఒకటి కాదు. నాదస్వరం ఊదేవారికి ఊపిరితో పాటు పళ్ళ గట్టిదనం, పెదవుల పట్టు ముఖ్యం. ఆ కష్టం గాయకుడి కష్టానికంటే ముందే మొదలవుతుంది. వీణ మీద గమకం కోసం తంతిని పక్కకు లాగే వేళ్ళకు కీళ్ళనొప్పులు శత్రువులు. వయొలిన్‌లో కమాను చెయ్యి వణికితే దాచడం కష్టం, అయినా ఆ వాద్యం మీద చాలాకాలం నిలిచినవారున్నారు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులైన అన్నవరపు రామస్వామిగారు 1926లో పుట్టారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మృదంగంలో 1935లో పుట్టిన ఉమయాళ్‌పురం శివరామన్‌గారు ఎనభై దాటాక కూడా వాయించడం చూస్తే, లయకు వయసు అంత త్వరగా అంటుకోదని అనిపిస్తుంది. బహుశా అందులో బలానికంటే లెక్కకూ, దెబ్బ పడే చోటుకూ విలువ ఎక్కువ కావడం కారణం కావచ్చు.

శిష్యుల గాత్ర సహకారం గురించి నాకు మిశ్రమాభిప్రాయం ఉంది. వెనక కూర్చున్న శిష్యుడు గురువుగారి ఊపిరి తెగేచోటు ముందే పసిగట్టి, సంగతి చివరను పూర్తిచేసి, వెంటనే తగ్గిపోతే అది చూడముచ్చటగా ఉంటుంది. గురుశిష్య సంబంధం ఏమిటో పుస్తకాలకంటే అక్కడే బాగా తెలుస్తుంది. కొన్నిచోట్ల మాత్రం శిష్యుడి మైకు గురువు మైకుకంటే పెద్దగా పెట్టి, కచేరీ మొత్తం అతని చేతే నడిపించడం కూడా చూశాను. టిక్కెట్టు మీద పేరు ఒకరిది, వినిపించే గొంతు ఇంకొకరిది. అలాంటప్పుడు ఇద్దరి పేర్లూ సమానంగా వేసి, పెద్దాయన చేత ఒక రాగం, ఒక పదం పాడించి, మిగతాది శిష్యుడికి అప్పగిస్తే వినేవారికీ, పాడేవారికీ గౌరవంగా ఉంటుంది.

నిర్వాహకుల గురించి చెప్పకపోతే ఈ అనుభవం సగమే అవుతుంది. ఒక ఊళ్ళో ఒక సభవారు డెబ్బై ఎనిమిదేళ్ళ విదుషీమణి కచేరీని సాయంత్రం ఆరున్నరకు ప్రకటించి, ముందు జ్యోతి ప్రజ్వలన, తర్వాత అధ్యక్షోపన్యాసం, ముఖ్య అతిథి ప్రసంగం, ఆత్మీయ అతిథి ప్రసంగం, ఆ తర్వాత శాలువలు, జ్ఞాపికలు, ఫొటోలు ముగించేసరికి ఎనిమిది దాటింది. అంతసేపూ ఆమెను ఏసీ గాలికి ఎదురుగా, వేదిక మీది కుర్చీలో కూర్చోబెట్టారు. లోపల సాధన చేసుకుని తెరిచిపెట్టుకున్న గొంతు ఆ చల్లగాలికి మళ్ళీ బిగుసుకుపోయింది. ఆమె తంబూరా ముందు కూర్చోగానే ఎవరో వచ్చి, హాలు తొమ్మిదిన్నరకు ఖాళీ చేయాలని చెవిలో చెప్పారు. ఆమె రాగం తగ్గించుకుని, పల్లవి మానేసి, అడిగిన టైముకు మంగళం పాడేశారు. పెద్దల గొప్పతనం గురించి గంటన్నర మాట్లాడినవారిలో సగంమంది ఆ మంగళం దాకా కూర్చోలేదు. సన్మానం చేయదలుచుకుంటే కచేరీ తర్వాత చేయవచ్చు, వేరే రోజున చేయవచ్చు. సాయంత్రం నాలుగున్నర, అయిదు గంటల కచేరీ పెద్దవయసు కళాకారులకూ, అదే వయసులో ఉన్న శ్రోతలకూ కూడా అనుకూలం. మైకు సర్దేవారికి ముందుగా ఒక మాట చెబితే గొంతును అరిపించకుండా దగ్గరగా పట్టుకునేలా పెట్టగలరు. లేని గాంభీర్యం కోసం ప్రతిధ్వని కలపడం మాత్రం మానేయాలి. అది వణుకును రెట్టింపు చేసి వినిపిస్తుంది.

శ్రోతల వైపు కూడా ఒక ఇబ్బంది ఉంది. పెద్దాయన వేదిక మీదికి రాగానే హాలంతా లేచి నిలబడటం సంస్కారం. కానీ ఆ తర్వాత పాడిన ప్రతి స్వరానికీ, శ్రుతి తప్పిన స్వరానికి కూడా, ఆహాకారాలు చేయడం ఆయన్ను గౌరవించడమని నేను అనుకోను. జీవితమంతా శ్రుతిలో ఉన్న మనిషికి తన స్వరం ఎక్కడ పడిందో మనకంటే ముందే తెలుస్తుంది. అలా చప్పట్లు పడినప్పుడు ఒక గాయకుడి ముఖంలో కదిలిన విసుగును నేను దగ్గర నుంచి చూశాను. ఆయన ఆ చప్పట్లను చేత్తో ఆపి, అదే సంగతిని మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి సరిగ్గా ముగించి, అప్పుడు తలెత్తి చూశారు. నిజం చెప్పాలంటే, నేను వెళ్ళిన పెద్దల కచేరీల్లో కొన్ని బాగాలేవు. గొంతు పోవడం ఒక్కటే కారణమైతే సహించవచ్చు. రాగం మీద ఆలోచన ఆగిపోయి, యాభై ఏళ్ళ కిందటి స్వరాల వరుసనే అప్పజెప్పినట్టు పాడటం, మధ్యమధ్య పాత కబుర్లతో సమయం నింపడం మాత్రం నాకు కష్టం కలిగిస్తుంది.

ఎప్పుడు ఆపాలన్నది ఇక మిగిలిన ప్రశ్న. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1997లో భర్త సదాశివం మరణించాక కచేరీలు చేయలేదు. సినీ సంగీతంలో ఎస్. జానకి 2017లో మైసూరు కచేరీతో వేదికకు సెలవు చెప్పారు. ఇద్దరి నిర్ణయాలకూ కారణాలు వేరు, కానీ నిర్ణయం వారి చేతుల్లోనే ఉంది. ఆ హక్కును అభిమానులు లాక్కోకూడదు, ఆపమని అయినా సరే, కొనసాగించమని అయినా సరే. పూర్తి కచేరీ, పూర్తి విరమణ అనే రెండే దారులు ఉన్నాయని అనుకోవడం వల్ల ఈ ప్రశ్న మరీ కఠినంగా కనిపిస్తుందని నా ఉద్దేశం. మధ్యలో పాఠం చెప్పడమనే దారి ఉంది. వృత్తిరీత్యా వైద్యులైన సంగీత విద్వాంసులు శ్రీపాద పినాకపాణిగారు (1913–2013) నేదునూరి కృష్ణమూర్తి వంటి శిష్యులను తయారుచేసి, వందల కృతులకు స్వరలిపి రాసి పెట్టారు. ఆ పని విలువ ఏ కచేరీల సంఖ్యతోనూ కొలవలేము.

అందుకే ఇప్పుడు డిసెంబరులో చెన్నై వెళ్ళినప్పుడు సాయంత్రపు కచేరీల జాబితాకంటే ముందు, మ్యూజిక్ అకాడమీలో ఉదయం పూట జరిగే సోదాహరణ ప్రసంగాల పట్టిక చూస్తాను. అక్కడ మూడు గంటల బరువు ఉండదు, పక్కవాద్యాలతో పోటీ ఉండదు. ఒక పెద్ద విదుషీమణి పదం ఒకటి తీసుకుని, తన గురువు దగ్గర ఆ సంగతి ఎలా ఉండేదో, ఇప్పుడు అందరూ ఎలా పాడుతున్నారో పక్కపక్కన పాడి చూపిస్తారు. ఆ రెండు వాక్యాలకు ఆ గొంతు చాలినంత ఉంటుంది. ప్రశ్నల సమయంలో ఎవరో ఒకరు మళ్ళీ పాడమని అడుగుతారు, ఆమె పాడతారు, శిష్యురాలు ఫోనులో రికార్డు చేసుకుంటుంది. తొమ్మిదిన్నరకల్లా నేను బయటికి వచ్చి, సాయంత్రం ఎవరి కచేరీకి పక్కవాద్యాలెవరో చూసుకుంటాను.